ఇంటిపేరు కోసం వచ్చిన ఫట్‌ఫటీ

కెంచప్పకు మాటలంటే సరిపడదు. బళ్లారి బ్రూస్‌పేటలో ఇరవై ఏండ్లుగా సైకిళ్లు, మోటారుసైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టుకొని ఉన్నాడు. బండి తెచ్చినవాడు నిన్న ఇట్లా అయింది, మొన్న అట్లా అయింది అని మొదలుపెడితే చేయెత్తి ఆపుతాడు. స్టార్టు చేయమంటాడు. చెవి ఒగ్గి వింటాడు. మనిషి చెప్పేది వింటే బండిలో ఉన్న రోగం కూడా కనబడకుండా పోతుందని అతని నమ్మకం.

అట్లాంటివాని అంగడికి, ఉగాది ఇంకా అయిదు దినాలుందనగా, నారప వచ్చినాడు. ఫట్‌ఫటీని, అదే మోటారుసైకిలును, తోసుకుంటూ వచ్చి, స్టాండు వేయకముందే నోరు తెరిచినాడు.

"నమస్కారమయ్యా. నేను ఆఫ్రికా నుంచి వస్తా ఉన్నాను. డర్బన్ అని ఊరు. ఆడినుంచి మొంబాసా దాకా నేలమీదనే వచ్చినాను. దారిలో సింహాన్ని కూడా చూసినాను. అంటే, దాని తోక చూసినాను."

ఇరవై ఎనిమిదేండ్లుంటాయేమో. ఆ ఎండలో తోలుకోటు వేసుకొని ఉన్నాడు. మాట్లాడేది తెలుగే కాని, వాని వయసు తెలుగు కాదు. ఎవరో ముసలమ్మ వాని గొంతులో కూర్చొని మాట్లాడినట్లుంది.

"ఏం తెగింది?" అన్నాడు కెంచప్ప.

"చైను తెగింది రోడీషియాలోనయ్యా. అదొక పెద్ద కథ."

"ఇప్పుడేం తెగింది అంటాండా."

"ఇప్పుడేమీ తెగలేదు. హొస్పేట దాటినాక ఇంజను అరుస్తుంది, చక్రం తిరగదు."

క్లచ్చు. ఆ రెండు మాటలూ మొదటనే చెప్పుంటే అయిపోయేది. కెంచప్ప బండిని లోపలికి తోసుకొని విప్పినాడు. క్లచ్చు ప్లేట్లలో ఉండే బిరడాలన్నీ కాలి బొగ్గయినాయి. అట్లాంటివి బళ్లారిలో దొరకవు. మందుల అంగడి నుండి సీసా బిరడాలు తెచ్చి, నానబెట్టి, ఒక్కొక్కటి కోసి, ప్లేటు బొక్కల్లో ఒత్తి, అన్నీ ఒకే ఎత్తు వచ్చేదాకా అరగదీయాలి. మూడు దినాల పని.

మూడు దినాలూ నారప ఆ అంగడిలో ఒక డబ్బా మీద కూర్చొని ఆఫ్రికా చెప్పినాడు.

రోడీషియాలో రోడ్డంటే నిండా తారు వేయరంట. చక్రాలు పారేంత వెడల్పున రెండు తారు పట్టీలు వేసి వదిలేస్తారంట. ఫట్‌ఫటీకి ఒక పట్టీ చాలు. "మరి ఎదురుగా లారీ వచ్చిందనుకోండి?" అని నారప ఆగినాడు, కెంచప్ప అడుగుతాడని. కెంచప్ప బిరడా కోసుకుంటున్నాడు. "లారీ వస్తే అది ఒక పట్టీ వదలాల, మనము ఒక పట్టీ వదలాల. లారీవాడు వదలడు. మనమే దుమ్ములోకి దిగాల," అని అడగని ప్రశ్నకు వాడే జవాబు చెప్పుకున్నాడు. పశువుల్నీ మనుషుల్నీ చంపే ఈగలు ఉన్న అడవిలో గేటు పెట్టినారంట. జాలిగుడ్డ పట్టుకొని ఒక మనిషి బండి చుట్టూ తిరిగి ఈగల్ని వెదుకుతాడంట. నారప సీటు కింద ఒకటి దొరికింది, దానికోసం గంట సేపు నిలబెట్టినారు. హోటళ్లలో తెల్లవాళ్లకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. గుజరాతీ అంగళ్ల వరండాల్లో పండుకున్నాడు. జాంబెజి ఏరు దగ్గర ఏనుగులు రోడ్డుకు అడ్డం నిలిస్తే, ఇంజను ఆపి, పొద్దున్నించి సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడు.

కెంచప్ప తలెత్తినాడు. బండి సంగతి కాకుండా, రెండు దినాల్లో అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఆ పొద్దంతా మాట్లాడకుండా ఉన్నావా?"

"ఉన్నానయ్యా. మాట్లాడితే తొక్కుతాయి గదా."

"ఏనుగులు మేలు," అని కెంచప్ప మళ్లీ బిరడా పట్టుకున్నాడు.

ఒక్కటి మాత్రం అతని కంటికి ఆనింది. ముందుచక్రం పట్టుకొనే ఫోర్కు ఒక చోట విరిగి ఉంది. దాని మీద పచ్చి ఆవుతోలు పట్టీ చుట్టి ఉంది. ఇనుము అంచు కనబడకుండా, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు, ఎండి రాయిలా బిగిసింది. కెంచప్ప గోటితో గీకి చూసినాడు. కదలలేదు.

"ఎవరు కట్టింది?"

"ఉత్తర రోడీషియాలో ఒక ముసలాయన. అడవి నడుమ విరిగిందయ్యా, ఊరు నలభై మైళ్లు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. తడి తోలు తెచ్చి చుట్టినాడు. ఎండేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నేను మాట్లాడుతానే ఉన్నాను. ఆయన ఒక్క మాట లేదు. లేచి పోయినాడు."

ఈ కథంతటిలో బుద్ధి ఉన్న మనిషి ఆయన ఒక్కడే అనుకున్నాడు కెంచప్ప. ఆ తోలు విప్పాలని పట్టుకున్న స్పానరు కింద పెట్టినాడు.

ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? అది కూడా నారపే చెప్పినాడు, మూడోనాడు, అడగకుండానే.

వాని తాత పేరు కూడా నారపే. కరువు కాలంలో హొన్నాపురం నుండి పోయి, చెరుకు తోటల్లో కూలికని ఓడ ఎక్కినాడు. ఓడవాళ్లు రాసిన కాయితం నారప దగ్గర ఉంది. పేరు నారప. తండ్రి పేరు సిద్దప్ప. ఊరు హొన్నాపురం, జిల్లా బళ్లారి. ఎడమ మోకాలి మీద మచ్చ. అంతే. ఆ కాయితంలో ఇంటిపేరుకు గడి లేదు. తాత చిన్నవయసులోనే పోయినాడు. ఇంటిపేరు ఎవరికీ చెప్పలేదు.

ఇన్నేండ్లూ ఎవరికీ అవసరం పడలేదు. ఇప్పుడు పడింది. నారపకు బసవమ్మ అనే పిల్లతో పెండ్లి మాట్లాడినారు. ఆ పిల్ల తాత కూడా బళ్లారి జిల్లా నుండే, అదే కరువులో పోయినవాడు. వాళ్ల ఇంటిపేరు మించేరి. పెద్దలు కూర్చొని ఒకటే మాటన్నారు: నీదీ మించేరే అయితే మీరిద్దరూ అన్నాచెల్లెండ్లవుతారు, నీ ఇంటిపేరు తెచ్చి చూపు. ఉగాది దాకా గడువు. ఆమీద పిల్లను వేరే సంబంధానికిచ్చేస్తారు.

"అయితే ఓడెక్కి నేరుగా బొంబాయిలో దిగి రాకూడదా? ఆరు నెలలు రోడ్లమీద ఏం చేస్తాండావు?" అన్నాడు కెంచప్ప. ఇంత పెద్ద మాట అతను ఆ సంవత్సరంలో ఎవరితోనూ అనలేదు.

"ఓడలోనే గదయ్యా మా ఇంటిపేరు పోయింది. అందుకే నేల ఉన్నంత దూరం నేలమీదనే పోవాలనుకున్నాను."

"నేల యాడ అయిపోయింది?"

"మొంబాసాలో."

"ఆమీద?"

"ఓడెక్కినాను."

కెంచప్ప బిరడాను ప్లేటులోకి ఎంత గట్టిగా ఒత్తినాడంటే అది రెండు ముక్కలయింది.

నాలుగో దినం పొద్దున బండి తయారయింది. నారప దండం పెట్టి, ఇంటిపేరు పట్టుకొని మధ్యాహ్నానికి వస్తానని మోక రోడ్డు పట్టినాడు. కెంచప్ప అంగడిలో మౌనం వచ్చి కూర్చుంది. హాయిగా ఒక సైకిలు చక్రం సరిచేసినాడు.

మధ్యాహ్నం నారప వచ్చినాడు. బండి ఆపి, డబ్బా మీద కూర్చున్నాడు. మాట్లాడలేదు.

ఒక పంపు చెడింది, ఒక ట్యూబుకు మాసిక పడింది, వాడు మాట్లాడలేదు. బాగా ఆడే ఇంజను ఉన్నట్టుండి ఆగితే ఎట్లుంటుందో అట్లుంది కెంచప్పకు. ఆ చప్పుడు లేకపోవడాన్ని అతను గంట సేపు భరించినాడు. ఆమీద చేతులు తుడుచుకున్నాడు.

"ఏమాయె?"

"ఊళ్లో నేను వెదికిపోయిన ఇంటివాళ్లు నువ్వెవరో మాకు తెలీదన్నారయ్యా. హులిగెప్ప అని ఆ ఇంటి పెద్ద. వాళ్ల తాత పేరు కూడా సిద్దప్పే. కాని వాళ్ల తాతకు నారప అనే కొడుకే లేడంట. ఊళ్లో ఇంకెవర్ని అడిగినా హులిగెప్ప మొగం చూసి లోపలికి పోయినారు."

"నువ్వు పోంగానే ఏం చేసినావు? ముందు నించి చెప్పు." ఆ మాట అంటున్నప్పుడే కెంచప్పకు భయమేసింది.

"ముందుగాల చేను కాడికి పోయినాను. మా తాత చెప్పేవాడంట, బావి కాడినించి గట్టు దాకా నూరు అడుగులు, ఆడ నల్లగుండు అని. ఆయప్ప పెండ్లాం, మా జేజి, నాకు చెప్పింది. అది నిజమా కాదా అని నడిచి చూసినాను. నూరడుగులేనయ్యా! గుండు కూడా ఉంది!"

"అడుగులేస్తా చేను కొలిచినావు."

"అవునయ్యా."

"చేతిలో కాయితం పట్టుకొని."

"తాత కాయితం. అవునయ్యా."

"హులిగెప్ప చూస్తాండగా."

"గట్టు మీదనే నిలబడుండె."

కెంచప్ప మసిచేయి అని కూడా చూసుకోకుండా నుదురు కొట్టుకున్నాడు. వీడు ఏనుగుల్ని దాటినాడు, ఈగల గేటు దాటినాడు, వచ్చి వచ్చి హొన్నాపురం చేలో కాలు పెట్టి కొలిచినాడు. ఆ నేల అరవై ఏండ్ల నాడు గడ్డి మొలవని నల్లరేగడి. ఇప్పుడు తుంగభద్ర కాలవ వచ్చి నాలుగైదేండ్లయింది. వరి పండుతోంది. గుంటూరు వైపు నుండి వచ్చిన రైతులు పక్క చేలు అడిగి అడిగి కొంటున్నారు. కరువు నాడు పోయినవాళ్ల మనమడు నీళ్లు వచ్చినాక కాయితం పట్టుకొని చేను కొలుస్తుంటే, హులిగెప్ప ఏమనుకుంటాడు?

"భాగం కోసం వచ్చినావనుకున్నాడు నాయనా!"

"భాగమా? నాకు నేలెందుకు? ఆడ నాకు గ్యారేజి ఉంది. నేను పోయి చెప్తాను, ఇట్లా మా తాత ఓడెక్కినప్పుడు..."

"నువ్వు చెప్పొద్దు. రేపు నేను వస్తా. నువ్వు నోరు తెరిస్తే ఈడనే దిగేస్తా."

మరునాడు అంగడి మూసినాడు కెంచప్ప. పండగ నాడు కూడా సగం పూట తెరిచేవాడు. వెనక సీటు మీద కూర్చొని నారప తోలుకోటు పట్టుకున్నాడు. మోక రోడ్డు దాకా బాగానే ఉంది. హొన్నాపురం బాటలో మాత్రం రాత్రి కాలవ గట్టు నించి నీళ్లు ఊరి దారంతా రేగడి పిసికినట్టయింది. నలభై అడుగులు పోయేసరికి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య నిండి, చక్రం బిగుసుకొని నిలిచిపోయింది.

"జాంబెజి దగ్గర కూడా ఇట్లాంటి బురద..." అని నారప మొదలుపెట్టినాడు.

"సుమ్మనుండు!"

ఇద్దరూ కట్టెపుల్లలతో మట్టి గీకినారు. పది అడుగులు తోస్తే మళ్లీ నిండింది. చివరికి ఎద్దులబండి తోలుకొని పోతున్న ఒకాయన జాలిపడి, కాడెద్దులను విప్పి ఫట్‌ఫటీకి కట్టినాడు. ఆరు నెలలు ఆఫ్రికా అంతా తిరిగిన బండి అట్లా ఎద్దుల వెనక, తాడుకు వేలాడుతూ, హొన్నాపురంలోకి వచ్చింది. అరుగుల మీది మనుషులు చూసి నవ్వినారు.

"ఇదేనా ఆఫ్రికా నించి వచ్చిన బండి? ఎద్దులు కూడా ఆఫ్రికావేనా అప్పా?"

కెంచప్పకు మోకాళ్ల దాకా బురద, మెడ దాకా కోపం. ఈ పొద్దు ఎవరో ఒకర్ని అనకుండా ఇంటికి పోయేది లేదని తేలిపోయింది.

హులిగెప్ప వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. పక్కన అతని మేనత్త సిద్దక్క ఎండుమిరపకాయల రాశి ముందర పెట్టుకొని తొడిమెలు తీస్తోంది. డెబ్బై ఏండ్లుంటాయి. మొగుడు పోయినాక పుట్టింటికి వచ్చి ఆడనే ఉండిపోయింది. హులిగెప్ప పెండ్లి సంబంధాలు చూస్తున్న కూతురు ఎల్లక్క చెంబుతో నీళ్లు తెచ్చి కెంచప్పకిచ్చింది. నారపకు ఇవ్వబోతే తండ్రి కండ్లు ఎర్రజేసినాడు. పిల్ల చెంబు పట్టుకొని ఆడనే నిలబడింది.

"నువ్వా కెంచప్పా! సైకిలు బాగుచేసేవాడివి, ఈ పంచాయితీ పని యాడ నేర్చినావు?" అన్నాడు హులిగెప్ప.

"ఈయప్పకు చేను వద్దంట."

"అట్లనే అంటారు. నిన్న నూరడుగులు కొలిచినాడు. నేను గుడ్డివాడ్ననుకున్నావా?"

"ఇంటిపేరు చెప్పు చాలు."

"మా ఇంటిపేరు ఊరంతా తెలుసు, కప్పగల్లు. వానిది యాదో నాకేం తెలుసు? వాడు మావాడు కాదు. మా తాతకు మా నాయన ఒక్కడే కొడుకు. ఇంగ నూరుసార్లు అడిగినా అదే మాట. కాయితం కోర్టులో చూపించమను!"

నారప నోరు తెరిచినాడు. కెంచప్ప వాని కాలు తొక్కినాడు.

"వాడు మీవాడు కాదు."

"కాదు."

"ఏమీ కాడు. దాయాది కాడు, చుట్టం కాడు."

"ఏమీ కాడంటాండా గదప్పా! ఎన్నిసార్లు చెప్పాల?"

కెంచప్ప దగ్గర ఉపాయమేమీ లేదు. నాలుగు దినాల ఆఫ్రికా, ఒక దినం బురద, ఎద్దులు, ఆ నవ్వు, అన్నీ కలిసి గొంతుదాకా వచ్చినాయి. ఇంక పట్టలేక అనేసినాడు.

"అయితే ఇంగేం! పిల్లకు సంబంధాలు చూస్తాండావు గదా. ఈయప్పకు ఇచ్చి చేయి. పెండ్లి కాలేదు, సొంతం గ్యారేజి ఉండాది, తాగడు. ఒక్క మాట్లాడే రోగం తప్ప ఇంకేం రోగం లేదు. మీవాడు కానప్పుడు అడ్డమేముండాది? ఉగాది నాడే తాంబూలాలు పుచ్చుకోండి, నాకు అంగడి తెరిచే పని ఉండాది!"

సిద్దక్క చేతిలోని మిరపకాయలన్నీ నేలమీద పడినాయి.

"శివశివా! నీ నోట్లో మన్ను పోయ! అన్నకు చెల్లెల్ని ఇస్తారేందిరా యాడైనా?"

ఎల్లక్క తల వంచుకుంది. హులిగెప్ప మేనత్త వైపు చూసినాడు. ఆమె చూడలేదు. ఆమె నారపనే చూస్తోంది.

"ఏమే అత్తా..." అన్నాడు హులిగెప్ప.

"ఏమేలేదు, గీమేలేదు. నిన్నటి నించి నోరు కట్టుకొని ఉండా. చేను పోతాదని నువ్వు చెప్తే ఊరుకుండా. అట్లని ఈ పాపం చూస్తా ఊరుకోవాల్నా? వీని తాత మా చిన్నన్న. నన్ను భుజాన ఎక్కించుకొని ఆ నల్లగుండు మీద నిలబెట్టేవాడు. ఒకనాడు గుండు మీద నించి ఇద్దరమూ పడితిమి. ఆయప్ప మోకాలికి..."

"ఎడమ మోకాలు!" అని నారప అరిచినాడు. కెంచప్ప మళ్లీ కాలు తొక్కడం మర్చిపోయినాడు. "కాయితంలో ఉందవ్వా! ఎడమ మోకాలి మీద మచ్చ!"

"ఎడమదేనో కుడిదేనో నాకేం గ్యాపకం! రక్తం మాత్రం బాగా కారింది," అని ముసలమ్మ కొంగుతో మొగం తుడుచుకుంది. మిరపకాయల చేయి. కండ్లు మండి ఇంకా నీళ్లు కారినాయి. "నీళ్లియ్యవే పిల్లా వానికి, చెంబు పట్టుకొని బొమ్మ మాదిరి నిలబడినావు."

నారప నీళ్లు తాగినాడు. తాగి, చిన్నగా అడిగినాడు.

"అవ్వా, నాకు పిల్లను మించేరి వాళ్ల ఇంట్లో మాట్లాడినారు. కప్పగల్లు వాళ్లకూ మించేరి వాళ్లకూ కుదురుతుందా?"

"కుదరకేం! నన్నిచ్చిందే మించేరి వాళ్లకు గదరా!"

హులిగెప్ప ఇంకా మంచం పట్టె పట్టుకొనే ఉన్నాడు. అరవై ఏండ్లుగా లేని దాయాది ఒకడు వాకిట్లో నీళ్లు తాగుతున్నాడు. ఆ బాధ ఆ మొగంలో కనబడింది.

"ఇప్పుడిట్లనే అంటాడు. రేపు మల్లా వస్తే?" అన్నాడు.

"రేపు బొంబాయికి పోతాండాడు," అన్నాడు కెంచప్ప. "నీ చేను ఆ సీటు వెనక కట్టుకొని పోలేడు గదప్పా."

ఎవరు ముందు నవ్వినారో తెలియదు, హులిగెప్ప మాత్రం ఆఖర్న నవ్వినాడు, అది కూడా సగమే. అయినా తినకుండా పోకూడదన్నాడు. కొర్రన్నం, ఎండుమిరపకాయల కారం పెట్టినారు. నారప తింటూ ఆఫ్రికా మొదలుపెట్టినాడు. సిద్దక్క మధ్య మధ్య ఆపి అడుగుతోంది. ఏనుగులు ఎంతెత్తుంటాయి, ఆ ఈగ కుడితే ఏమవుతుంది, తోక తప్ప సింహం కనబడలేదా. కెంచప్ప విస్తరి ముందర తలపట్టుకున్నాడు. ఇంతవరకు చెప్పేవాడే ఉండె, ఇప్పుడు అడిగేవాళ్లు కూడా దొరికినారు.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద చుట్టు దారిన వచ్చినారు. తంతి ఆఫీసు మూసేదానికి ఇంకా గంట ఉంది. నారప డర్బన్‌కు తంతి కొట్టేదానికి కాయితం తీసుకొని రాయడం మొదలుపెట్టినాడు. రెండు కాయితాలు నిండినాయి. మూడో కాయితం అడిగినాడు. తంతి గుమాస్తా కండ్లద్దాలు తీసి కెంచప్ప వైపు చూసినాడు.

"ఏం రాస్తాండావు?" అన్నాడు కెంచప్ప.

"అంతా రాయాల గదయ్యా. బురద, ఎద్దులు, అవ్వ, మోకాలు..."

"నిన్ను అడిగిందేంది వాళ్లు?"

"ఇంటిపేరు."

కెంచప్ప ఆ కాయితాలు లాక్కొని, చింపి, కొత్త కాయితం ముందర పెట్టినాడు. "అదొక్కటే రాయి."

నారప పెన్ను పట్టుకున్నాడు. కప్పగల్లు అని రాసినాడు. తన పేరు పక్కన ఆ మాట వాడు రాయడం అదే మొదలు. గుమాస్తా చదివి, ఇంతేనా అన్నాడు. నారప నోరు తెరిచినాడు.

"అంతే," అన్నాడు కెంచప్ప.

ఉగాది నాడు పొద్దున్నే నారప బొంబాయికి బయలుదేరినాడు. ఇంజను స్టార్టు చేసి చూసి, ఒకసారి దిగి, ముందుచక్రం దగ్గర వంగినాడు.

"అయ్యా, బండంతా బాగుచేసినారు. ఈ తోలుకట్టు తీసి ఇనుము వేయలేదేమి?"

కెంచప్ప ఆ తోలు మీద చేయి వేసి, ఒకసారి నొక్కి చూసినాడు.

"అది బాగుండాది," అన్నాడు. "పోయిరా."